థోంగ్‌లా కనుమ దాటిన రాహుల్ సాంకృత్యాయన్

ధర్మకీర్తి పేరు విన్నారా? 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు. దక్షిణాదిన త్రిమలయ అనేచోట పుట్టాడని టిబెట్ చరిత్రకారుడు తారానాథుడు రాశాడు. అది మన తిరుమలే అనేవాళ్లున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు. ఆ వాదన అట్లుండనీండి. ఆయన రాసిన ప్రమాణవార్తికం మాత్రం మన దేశంలో చదివే దిక్కులేక మరుగున పడిపోయింది. టిబెట్ భాషలో దాని అనువాదం భద్రంగా ఉండింది.

ఇట్లాంటి పుస్తకాల కోసం 1929లో ఒకాయన బయలుదేరినాడు. 'ఓల్గా నుంచి గంగకు' చదివినవాళ్లకు ఆయన తెలుసు, రాహుల్ సాంకృత్యాయన్. 1893లో ఆజంగఢ్ జిల్లాలో కేదారనాథ్ పాండేగా పుట్టి, సాధువై, ఆర్యసమాజియై, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు పోయి, చివరికి సింహళంలో పాలీ చదువుకున్నారు.

అప్పట్లో భారతీయులకు టిబెట్‌లోకి అనుమతి లేదు. అందుకే బిచ్చగాడి వేషం వేసి నేపాల్ మీదుగా నడిచారు. తోడుగా సుమతి అనే మంగోలు భిక్షువు.

దారిలో థోంగ్‌లా కనుమ. మనకు భాకరాపేట కనుమ తెలుసు, తిరుమల మెట్లూ తెలుసు. తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు. అట్లాంటివి ఆరు ఒకదానిమీదొకటి పెడితే థోంగ్‌లా! రెండు పక్కలా మైళ్ల కొద్దీ ఊరు లేదు. దొంగలు ముందు చంపి, ఆ తర్వాతే జేబులు వెతికేవాళ్లు. అనుమానం వచ్చినచోటల్లా రాహుల్ గారు టోపీ తీసి, నాలుక బయటపెట్టి, దయచూడమని పైసా అడిగేవారు. బిచ్చగాణ్ణి చంపితే ఏమొస్తుంది?

అద్దె గుర్రాలమీద పైకెక్కినారు. కనుమ నెత్తిన రాళ్ల గుట్ట, జంతువుల కొమ్ములు, రంగుల జెండాలు, అదే అక్కడి దేవుడి గుడి. దిగేటప్పుడు ఆయన గుర్రం నెమ్మదించింది. అందరూ ముందుకు పోయినారు. రెండు దారులు చీలినచోట ఎడమకు తిరిగి, మైలున్నర పోయినాక దారి తప్పిందని తెలిసి వెనక్కొచ్చారు. లంకోర్ ఊరి దగ్గరికి చేరితే, టీ మూడుసార్లు వేడిచేసి కాచుక్కూర్చున్న సుమతికి ఒళ్లు మండిపోయింది. తప్పు నాది కాదు, గుర్రానిది అన్నారట. సుమతి కోపం ఎంత తొందరగా వచ్చేదో అంత తొందరగా చల్లారేది లెండి.

కొన్నాళ్లకు శేకర్ విహారంలో బుద్ధవచన అనువాదం 103 చేతిరాత సంపుటాలు కనిపించాయి. ఒక్కోటి 15 సేర్లకు తక్కువ ఉండదు. అంతవరకూ శిష్యుల ఇళ్లకు పోయొస్తానని సుమతి అడిగితే, ఆలస్యమౌతుందని ఆపుతూ వచ్చిన మనిషి, ఈసారి సంతోషంగా పోయిరమ్మని పంపేసి పుస్తకాల్లో మునిగిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు పుస్తకాలు, పటాలు 22 కంచర గాడిదల బరువైనాయి. 1930లో సింహళంలో భిక్షు దీక్ష తీసుకున్నారు, రాహుల్ అనే పేరు అప్పటిదే. ఆ తర్వాత మరి మూడుసార్లు టిబెట్ పోయి, ప్రమాణవార్తికం మీది సంస్కృత వ్యాఖ్యల తాళపత్రాలు వెతికి పట్టుకున్నారు. 1938లో మూలం అచ్చుకెక్కింది.