కూచిపూడి మేళం నుండి వెండితెరకు – శ్రీ వేదాంతం రాఘవయ్య గారు

సంఘ పత్రిక ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యవర్గం వారు కోరారు. దేశ నాయకులను గురించి, కవులను గురించి వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. కనుక నేను చిన్ననాటి నుండి అభిమానించే నాట్యరంగం నుండి ఒకరిని ఎన్నుకున్నాను. 'దేవదాసు' చిత్రం చూడని పెన్షనరు మన సంఘంలో ఉండరనుకుంటాను. ఆ చిత్రం అనగానే అక్కినేని, సావిత్రి, ఘంటసాల గుర్తుకు వస్తారు. దర్శకుని పేరు చాలామందికి వెంటనే తట్టదు. ఆ దర్శకుడు కాలికి గజ్జె కట్టిన కూచిపూడి భాగవతుడన్న సంగతి మన పిల్లలకు అసలే తెలియదు. ఆయనే శ్రీ వేదాంతం రాఘవయ్య గారు.

రాఘవయ్య గారు 1919 జూన్ 8న కృష్ణా జిల్లా కూచిపూడి గ్రామంలో జన్మించారు. మా వాడపల్లి వద్ద మూసీని కలుపుకొని సాగిపోయే కృష్ణమ్మే ఆ డెల్టా పొలాలను కూడా తడుపుతుంది. గోల్కొండ నవాబు తానీషా ఆ గ్రామాన్ని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల మొదలైన ఇంటిపేర్ల వారు తరతరాలుగా అక్కడ నాట్యమే వృత్తిగా జీవించారు. ఆ ఇళ్లలో మగపిల్లవాడు పుడితే గజ్జె కట్టడం ఖాయం. ఆడపిల్లలకు మాత్రం ఆ విద్య నిషిద్ధం. సత్యభామ అయినా, ఉష అయినా, గొల్లభామ అయినా మగవాడే వేషం కట్టాలి.

నేటి తరానికి ఆ మేళాల స్వరూపం కొంత చెప్పాలి. ఊరి నడుమ ఖాళీ జాగాలో పందిరి వేసి, ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే అదే రంగస్థలం. కాగడాల వెలుగే దీపాలు. పాత్ర ప్రవేశించేటప్పుడు కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే మంట భగ్గున లేచేది. సత్యభామ ముందుగా తన జడను తెర మీదుగా ఇవతలికి వేసేది. ఆ జడతోనే సభకు సవాలు విసిరినట్లు. సూత్రధారి పక్కన నిలిచి తాళం వేస్తూ, పాడుతూ, పాత్రతో మాట్లాడుతూ, నవ్విస్తూ తెల్లవారే దాకా కథ నడిపేవాడు. ఆడడం, పాడడం, మాట్లాడడం మూడూ తెలిసినవాడే నటుడు. ఈ శిక్షణలో పెరిగినవారు రాఘవయ్య గారు. ఇది గుర్తుంచుకుంటే ఆయన తరువాతి జీవితం మనకు చక్కగా అర్థమవుతుంది.

ఆ కాలానికి మేళాలకు గడ్డుకాలం వచ్చింది. జమీందారుల పోషణ తగ్గింది. పల్లెల్లోకి సురభి వారి నాటకాలు, పద్యనాటకాలు, ఆపైన టాకీలు వచ్చాయి. రాత్రంతా ఆడినా కుటుంబం గడవని స్థితి. ఆ పరిస్థితులలో గూడవల్లి రామబ్రహ్మం గారు 1939లో తీసిన 'రైతుబిడ్డ' చిత్రంలో యువకుడైన రాఘవయ్య గారి నాట్యం వెండితెరకెక్కింది. జమీందారీ వ్యవస్థను ఎదిరించిన ఆ చిత్రం నిషేధానికి గురైంది. అయినా కూచిపూడి కుర్రవాడొకరు మద్రాసులో నిలదొక్కుకోవడానికి అది తొలిమెట్టు అయింది.

తరువాత 1940లలో ఆయన పలు తెలుగు చిత్రాలకు నృత్య దర్శకత్వం వహించారు. ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. కూచిపూడిలో ఆడపిల్లలకు నేర్పని విద్యను, అక్కడి నుండి వచ్చిన మగవారే మద్రాసు స్టూడియోలలో నటీమణులకు నేర్పారు. ఆడవారి నడకను, చూపును, అలకను మగవారి వద్ద నేర్చుకొన్న మగవారు, దానిని తిరిగి ఆడవారికే అప్పగించారన్నమాట. రాఘవయ్య గారి వెనుకనే వెంపటి పెదసత్యం గారు, పసుమర్తి కృష్ణమూర్తి గారు ఆ దారిన నడిచారు. 'మల్లీశ్వరి'లో ఉషాపరిణయం, 'మాయాబజార్'లోని నృత్యాలు కృష్ణమూర్తి గారి చేతి చలవే.

రాఘవయ్య గారు నృత్యంతో ఆగలేదు. డి.ఎల్. నారాయణ, సంగీత దర్శకులు సి.ఆర్. సుబ్బరామన్, రచయిత సముద్రాల రాఘవాచార్య గార్లతో కలిసి వినోదా సంస్థలో భాగస్వామి అయ్యారు. 1951లో 'స్త్రీ సాహసం'తో దర్శకులయ్యారు. తరువాత 1953లో 'దేవదాసు' వచ్చింది. శరత్ బాబు వంగ నవలను తెలుగువారి కథగా మార్చడం సులభం కాదు. పైగా 1952లో సుబ్బరామన్ గారు చిన్న వయసులోనే కన్నుమూశారు. మిగిలిన సంగీతపు పని విశ్వనాథన్, రామమూర్తి గార్లు పూర్తి చేశారు. ఇన్ని అవాంతరాల మధ్య తయారైన ఆ చిత్రం తెలుగులోను, తమిళంలోను ఘనవిజయం సాధించింది.

ఆ చిత్రంలో డ్యాన్సులు ఎక్కువేమీ లేవు కదా, నాట్యాచార్యుని గొప్పతనం ఎక్కడుందని కొందరు అడుగుతారు. నా అభిప్రాయం చెబుతాను. చంద్రముఖి పాత్రధారిణి లలిత క్షేత్రయ్య పదానికి అభినయం పట్టే ఘట్టాన్ని ఈసారి శ్రద్ధగా చూడండి. క్షేత్రయ్యది మొవ్వ అంటారు. మొవ్వ కూచిపూడికి పక్క ఊరు. కలకత్తా వేశ్య కథలో మొవ్వ పదం అతికినట్లు కనిపించదు, అక్కడే పుట్టినట్లు ఉంటుంది. ఇక పార్వతి, దేవదాసు ఎదురుపడే చోట్ల మాటల కంటె చూపులకే పని ఎక్కువ. మాట ఆగిన చోట ముఖం మాట్లాడాలన్నది భాగవతుల పాఠం.

1955లో 'అనార్కలి', 1956లో 'చిరంజీవులు', 1957లో 'సువర్ణసుందరి', 1959లో 'బాలనాగమ్మ', ఇలా ఇరవైకి పైగా చిత్రాలకు ఆయన దర్శకత్వం వహించారు. 'సువర్ణసుందరి'లో ఆదినారాయణరావు గారి సోహిని, బహార్, జోన్‌పురి, యమన్ రాగమాలిక అందరికీ తెలిసిందే. ఆ చిత్రాన్ని హిందీలో కూడా ఆయనే తీశారు. ఆయన సతీమణి సూర్యప్రభ గారు, కుమార్తె శుభ గారు కూడా నటీమణులే.

నాకు బాగా ఇష్టమై, నేడు దాదాపు ఎవరూ చూడని చిత్రం 1967లో వచ్చిన 'రహస్యం'. అందులో మల్లాది రామకృష్ణశాస్త్రి గారు వ్రాసి, ఘంటసాల గారు స్వరపరచిన గిరిజా కల్యాణం అనే యక్షగానం ఉంది. చిత్రం ఆడలేదు, పెట్టుబడి పోయింది. యక్షగానం మాత్రం రేడియో ద్వారా ఇంటింటికీ చేరింది. పాట విన్నవారు లక్షలు, ఆట చూసినవారు కొద్దిమంది. కూచిపూడి మేళంలో పెరిగిన మనిషి తన ఊరి సొత్తును పెద్ద తెర మీద ఒక్కసారి తనివితీరా చూపించుకున్నాడని నాకనిపిస్తుంది. జగద్విఖ్యాతుడైన ఉదయశంకర్ గారు కూడా 1948లో మద్రాసులోనే 'కల్పన' అనే నృత్య చిత్రం తీశారు. అదీ డబ్బు తేలేదు, కాని నాట్యాభిమానులు నేటికీ తలచుకొంటారు. 'రహస్యం'లోని ఆ ఘట్టానికి కూడా అటువంటి గౌరవం దక్కాలని నా కోరిక.

సినిమాలకు పోయినవారి వల్ల కూచిపూడి కళ చెడిందని వాదించే మిత్రులు ఉన్నారు. ఊరిలో మేళాలు పలచబడిన మాట నిజమే. తెల్లవార్లూ సాగే గొల్లకలాపం ఇప్పుడు పూర్తిగా ఆడేవారు అరుదు. పిండోత్పత్తి వంటి గహనమైన విషయాన్ని గొల్లభామ బ్రాహ్మణునితో తర్కించే ఆ కలాపం పోతే మనకు తీరని లోటు. అయితే రెండో వైపు కూడా చూడాలి. ఢిల్లీలో 1958 నాటి నాట్య సదస్సు తరువాత కూడా కూచిపూడి ప్రత్యేక శాస్త్రీయ నాట్యమా కాదా అని చర్చలు జరిగాయి. అటువంటి రోజులలో ఆ నాట్యపు కళను ఊరూరి టెంటు హాలు దాకా చేర్చినవి సినిమాలే. పెదసత్యం గారి వెనుక మద్రాసు చేరిన వెంపటి చినసత్యం గారు కూడా మొదట చిత్రసీమలో పనిచేసి, 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. సినిమా అన్నం పెట్టకపోతే ఆ బడి నిలిచేది కాదేమో. కాబట్టి రాఘవయ్య గారు ఊరు విడిచినా విద్యను విడువలేదన్నదే నా నిశ్చితాభిప్రాయం.

రాఘవయ్య గారు 1971లో దివంగతులయ్యారు. అప్పటికి వయసు యాభై రెండేళ్లు మించలేదు. ఇతరులకు నేర్పిన నాట్యం ఎన్నో చిత్రాలలో భద్రంగా ఉంది. మేళంలో ఆయన స్వయంగా ఆడిన రాత్రులు మాత్రం చూసినవారితోనే పోయాయి. మన ప్రాంతంలో చిందు భాగవతాలు, చెర్విరాల భాగయ్య గారి యక్షగానాలు చూసిన వృద్ధుల విషయం కూడా ఇంతే. వారు ఉన్నన్నాళ్లే ఆ జ్ఞాపకాలు.

కనుక సభ్యులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో ఆడిన భాగవతాలు, వేషగాళ్ల విశేషాలు గుర్తున్నంత వరకు నోటుపుస్తకంలో వ్రాసి పెట్టండి. ఓపిక లేనివారు చెబుతుంటే మనుమలు, మనుమరాండ్రు వ్రాసుకోవచ్చు. పత్రికకు పంపితే రాబోయే సంచికలలో వేయవలసిందిగా కార్యవర్గం వారిని కోరుతున్నాను.

– విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా, వాడపల్లి