అర్హత లేదని తిప్పి పంపని దుర్గాబాయి

లేపాక్షి, హిందూపురం నుంచి వెళ్లి బెంగళూరు వృద్ధాశ్రమాల్లో నర్సు పోస్టుకి ఇంటర్వ్యూ ఇచ్చి, ఫోన్ కోసం చూసి చూసి వదిలేసినవాళ్లు మీలోనూ ఉండొచ్చు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909-1981) అయితే ఆ ఖాళీ నెలల్ని ఊరికే పోనిచ్చేవారు కాదేమో! రాజమండ్రిలో పుట్టిన ఆమె, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లొచ్చాకే మెట్రిక్ ప్యాసయ్యారు. మద్రాసులో అమ్మాయిల్ని అదే పరీక్షకి తయారుచేశారు. ఆ క్లాసులే ఆంధ్ర మహిళా సభగా పెరిగాయి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి చైర్‌పర్సన్. పల్లెలకి నర్సులు, మిడ్‌వైఫ్‌లు, టీచర్లు కావాలి. వచ్చే మహిళలకేమో ట్రైనింగ్‌లో చేరేంత చదువు లేదు. దుర్గాబాయి వాళ్లని పొమ్మనలేదు. 1958లో రెండేళ్ల కుదింపు కోర్సు పెట్టించారు, పరీక్ష గట్టెక్కి ట్రైనింగ్‌కి వెళ్లేలా.