మేస్త్రీల దగ్గర చదువుకున్న ప్రొఫెసర్ హసన్ ఫత్హీ

ఇరవయ్యో శతాబ్దపు ముస్లిం వాస్తుశిల్పుల్లో పెద్ద పేరు హసన్ ఫత్హీది. ఆయన 1900లో మిస్ర్ దేశంలోని (ఈజిప్టు) అలెగ్జాండ్రియాలో, కలిగిన కుటుంబంలో జన్మించారు. 1926లో కైరోలో పట్టా పుచ్చుకున్నారు. 1930 నుంచి అక్కడి లలితకళల కళాశాలలో పాఠాలు చెప్పారు. నక్షాలు గీయడంలో ఆయన పద్ధతే వేరు. ప్లాను, ముందుగోడ, చెట్లు, పశువులు అన్నీ ఒకే కాగితం మీద రంగుల్లో వేసేవారు. అది ప్రాచీన ఈజిప్టు గోడ చిత్రాల తీరు.

పేదవాడి ఇంటి కప్పు గురించే ఆయన ఆలోచనంతా. మట్టి గోడలు రైతు తానే లేపుకోగలడు. కప్పు దగ్గరికి వచ్చేసరికి పని ఆగిపోతుంది. దూలాలకు కలప కొనాలి, అది పరదేశం నుంచి రావాలి. మన రాయలసీమ మట్టి మిద్దెల్లో పెరిగినవారికి దూలాల ఖర్చు సంగతి చెప్పనక్కరలేదు. పచ్చి ఇటుకతోనే కమాను కప్పు వేయాలని ఫత్హీ ప్రయత్నించారు. సెంట్రింగ్ చెక్కలు లేకుండా వేసిన ఆ కప్పులు కూలిపోయాయి.

1941లో విద్యార్థులను వెంటబెట్టుకుని ఆయన అస్వాన్ వెళ్లారు. అక్కడి నూబియా పల్లెల్లో ఇళ్లకు అలాంటి కప్పులే ఉన్నాయి. ఎలా వేస్తారో మేస్త్రీలు చూపించారు. వెనక గోడ మీద తడిమట్టితో కమాను ఆకారాన్ని ఏ కొలతబద్దా లేకుండా చేత్తోనే దిద్దారు. మొదటి ఇటుకల వరుసను ఆ గోడకు ఏటవాలుగా ఆనించారు. తర్వాతి వరుస దాని మీద వాలుతుంది. ఆ ఇటుకల్లో గడ్డి ఎక్కువ కలుపుతారు గనుక బరువుండవు. పదేళ్లుగా కాలేజీలో బోధిస్తున్న మనిషి ఆ మేస్త్రీలను ఉస్తాదులుగా స్వీకరించారు. బడిపంతులునైన నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

1945లో పురావస్తు శాఖ ఆయనకు పెద్ద బాధ్యత అప్పగించింది. లక్సర్‌కు ఎదుట, నైలు నది పడమటి గట్టున ప్రాచీన సమాధుల మీదే గుర్నా గ్రామం ఉండేది. సమాధుల్లోని వస్తువులు దొంగచాటుగా అమ్ముడవుతున్నాయని, సుమారు 7,000 మంది ఉన్న ఆ ఊరినే తరలించాలనుకున్నారు. ఒకే అచ్చు ఇళ్లకు ఫత్హీ ఒప్పుకోలేదు. ఏ కుటుంబానికి తగిన ఇల్లు ఆ కుటుంబానికి గీశారు. అస్వాన్ మేస్త్రీలను రప్పించారు. ఇళ్లతోపాటు మస్జిద్, బడులు, అంగడి, నాటకశాల లేచాయి.

ఊరివారు మాత్రం కదల్లేదు. సమాధులే వారి జీవనాధారం. పైగా గుమ్మటం గోరీకి గాని ఇంటికెందుకన్న సందేహం ఒకటి. కొందరు గట్టు తెగ్గొట్టి కొత్త ఊరి మీదికి నీళ్లు వదిలారు. 1948లో పని నిలిచిపోయింది. నా మట్టుకు నాకు ఊరివారిని నిందించబుద్ధి కాదు. ఫత్హీ నేత వంటి చేతిపనులు నేర్పించాలని చూశారు గాని, పోయే కూటికి అది సరిపోయేది కాదు.

ఈ ఓటమిని దాచకుండా ఆయన 1969లో పుస్తకంగా రాశారు. 1973లో అది అమెరికాలో వెలువడ్డాక లోకం ఆయనను గుర్తించింది. 1980లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారాల్లో ఛైర్మన్ అవార్డు లభించింది. అమెరికాలోని న్యూ మెక్సికోలో ముస్లింల కోసం పచ్చి ఇటుకలతో మస్జిద్ కట్టడానికి వెళ్లినప్పుడు ఆయనకు ఎనభై ఏళ్లు. అప్పుడు కూడా నూబియా మేస్త్రీలను వెంట తీసుకెళ్లారు. 1989 నవంబరు 30న కైరోలో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. కొత్త గుర్నాలో ఆయన కట్టిన ఇళ్లు చాలా వరకు పోయాయి. మస్జిద్ ఉంది.