నాడి పట్టిన చేతికి మైల

1883లో అన్నా సారా కుగ్లర్ గుంటూరు చేరేనాటికే ఆమెకు వైద్య పట్టా ఉంది. ఆమెను పంపిన అమెరికా లూథరన్ స్త్రీల సంఘం మాత్రం వైద్యురాలిని కోరుకోలేదు. పరదా చాటు స్త్రీలకు చదువు చెప్పే ఉపాధ్యాయినిని కోరుకుంది. 1856లో పెన్సిల్వేనియాలోని ఆర్డ్‌మోర్‌లో జన్మించి, 1879లో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాల నుంచి పట్టా పొంది, నారిస్‌టౌన్ మానసిక చికిత్సాలయంలో పనిచేసిన మనిషి ఆమె. వైద్య సామగ్రిని సొంత ఖర్చుతో వెంట తెచ్చుకున్నారు. రోగులు ఆమె గుమ్మానికి రావడం మొదలయ్యాక, 1885 చివరికి గాని సంఘం ఆమెను వైద్య మిషనరీగా గుర్తించలేదు.

దొరసాని అయినా అగ్రవర్ణాల లెక్కలో ఆమె మ్లేచ్ఛురాలే. ఆమె నాడి చూస్తే రోగికి మైల, ఆమె చేతి మందు పుచ్చుకుంటే ఇంటికి మైల. అయినా ప్రసవం అడ్డం తిరిగిన రాత్రి ఆ ఇళ్ళ తలుపులు ఆమెకు తెరుచుకున్నాయి. ఈ వైరుధ్యం నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. మన పల్లెల్లో మంత్రసానులు చాలాచోట్ల మంగలి, మాదిగ కులాల స్త్రీలే. బిడ్డను భూమ్మీదికి తెచ్చి, బొడ్డుకోసి, మైలగుడ్డలు మోసిన ఆ చేతులు పురుడు ముగిశాక వాకిలి బయటే ఆగిపోవలసిందే. తెల్లజాతి వైద్యురాలి మైలను కాలం కడిగేసింది. మంత్రసాని మైల ఆమెతోపాటు ఆమె కూతురికీ సంక్రమించింది. ఇద్దరి పనిలోనూ నైపుణ్యం ఉంది, ఒకరికే గౌరవం దక్కింది.

1898లో గుంటూరులో స్త్రీల ఆసుపత్రి తెరుచుకుంది. నేడు కుగ్లర్ ఆసుపత్రిగా జనం ఎరిగినది అదే. అక్కడ జరిగిన అసలు మార్పు వైద్యురాలి గదిలో కన్నా వార్డులో వెతకాలని నా అభిప్రాయం. ఆ కాలంలో సవర్ణ కుటుంబాలు ఆడపిల్లలను నర్సు పనికి పంపలేదు. ఆ పనికి ముందుకొచ్చింది క్రైస్తవ బాలికలే, ఈ మైదానాల క్రైస్తవుల్లో అత్యధికులు దళితులు. ఊరి బావిని తాకడానికి వీల్లేని కుటుంబాల పిల్లలు ఊరి పెద్దల ఇంటి ఆడవాళ్ళకు కట్లు కట్టారు, నీళ్ళు పట్టారు.

ఈ మార్పును మరీ పెద్దది చేసి చూపను. ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట సత్రం కట్టించారు. హిందూ రోగుల బంధువులు తమ ఆచారం తప్పకుండా వండుకుని బసచేయడానికి అది ఆసరా అయింది. ఔదార్యమే, సందేహం లేదు. కానీ వైద్యం ఒక చేత, వంట మరొక చేత అన్న విభజన అక్కడ ఇటుకా సున్నంతో నిలబడింది. రోగి కోలుకున్నాడు, కులం కూడా క్షేమంగా ఇల్లు చేరింది. కుగ్లర్ సేవకు మతప్రచార లక్ష్యం ఉందనే విమర్శా ఉంది. ఆ లక్ష్యాన్ని ఆమె ఏనాడూ దాచలేదు. మంచానపడిన స్త్రీ తనంతట ఆలోచించి నిర్ణయించుకోగలదా అన్న ప్రశ్న వైద్యనీతిలో న్యాయమైనదే. అయితే ఆ ప్రశ్న వేసేవారు, అదే స్త్రీని అప్పటిదాకా ఏ వైద్యుడూ ఎందుకు తాకలేదో కూడా చెప్పాలి.

1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన తొలి అధికరణలోనే మనుషులందరి గౌరవం సమానమంది. మన రాజ్యాంగ పీఠిక వ్యక్తి గౌరవానికి హామీ ఇచ్చింది. ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చేయడం ప్రతి వైద్యుడి బాధ్యతని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే చికిత్స అందడం, గౌరవం అందడం ఒకటి కావు. పత్తి చేలో మందు కొడుతూ పడిపోయిన ఒక కూలీతో నేను ఓ ఆసుపత్రికి వెళ్ళాను. చీటీ రాసే మనిషి ఊరి పేరుతో ఆగలేదు, పల్లెనా ఊరా అని అడిగాడు. సెలైన్ పెట్టారు, ప్రాణం నిలిచింది. మంచం మాత్రం వరండాలో, మరుగుదొడ్డి పక్కన వేశారు. లోపల రెండు మంచాలు ఖాళీగా ఉన్నాయి. ఫిర్యాదు రాయడానికి ఏ చట్టం కింద రాయాలో మాకు తోచలేదు.

కుగ్లర్‌కు బ్రిటిష్ ప్రభుత్వం 1905లో కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది, 1917లో మరోసారి గౌరవించింది. 1928లో తన ఆసుపత్రి చరిత్రను ఆమె గ్రంథస్థం చేశారు. 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణ రావడానికి అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళుంది. ఆమె వార్డుల్లో రోగులకు కట్లు కట్టిన దళిత నర్సులు సెలవులకు పల్లెలకు వెళితే, ఊరి బావి దగ్గర ఎవరో నీళ్ళు పోసేదాకా దూరంగా నిలబడవలసినవారే.