రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ

అనంతపురము జిల్లా వానలకు దూరమైన సీమ. ఋతుపవనములు రెండును ఆ పీఠభూమిని చేరునప్పటికి బలము కోల్పోవును. చెరువు నిండిన యేడు అచ్చటి రైతునకు పండుగ. నేల యెండినను ఆ సీమలో విద్య యెండలేదు, పాట యెండలేదు. ఇందులకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి జీవితమే నిదర్శనము.

శర్మగారు 1893వ సంవత్సరము జనవరి 23వ తేదీన కంబదూరు ప్రాంతమునందలి రాళ్లపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి కృష్ణమాచార్యులు ఆయనకు సంస్కృతాంధ్రములు నేర్పెను. తల్లి అలమేలుమంగమ్మ పాటలు నేర్పెను. పిమ్మట పై చదువులకై ఆయన మైసూరు చేరిరి. అచ్చట శాస్త్రములతోపాటు బిడారం కృష్ణప్ప వంటి విద్వాంసుల సాన్నిధ్యమున సంగీతమును అభ్యసించిరి. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులై, 1949 వరకు అచ్చటనే బోధించిరి. ప్రాకృత గాథాసప్తశతి నుండి పెక్కు గాథలను తెనిగించిరి. వేమనను గూర్చి ప్రసిద్ధమైన విమర్శ గ్రంథము రచించిరి.

ఉద్యోగ విరమణానంతరము ఎవరైనను విశ్రాంతి కోరుదురు. శర్మగారికి అసలైన పని అప్పుడే యెదురయ్యెను.

రాజంపేట సమీపమునందలి తాళ్లపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యులు శ్రీ వేంకటేశ్వరునిపై ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించెనని ప్రసిద్ధి. వానిని ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపఱచిరి. కాలక్రమమున లోకము వానిని మఱచెను. 1922లో ఆ రేకులు తిరిగి వెలుగు చూచెను. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగు పండితులు వానిని పరిష్కరించిరి. పండ్రెండు వేలకు పైగా పాటలు లభించెను.

కాని అవి మూగవోయిన పాటలు. రేకులపై సాహిత్యము కలదు, రాగము పేరు కలదు. స్వరము మాత్రము లేదు. త్యాగరాజు కృతులు శిష్యుల కంఠములలో నిలిచినవి. అన్నమయ్య పాటకు ఆ పరంపర నడుమ తెగిపోయెను. ఊరి పేరు తెలిసినంతనే దారి తెలియదు కదా! రాగము పేరు తెలిసినంతనే పాట నడక తెలియదు.

1950లో శర్మగారు తిరుపతి చేరి ఈ భారమును వహించిరి. ప్రభాకరశాస్త్రిగారు ఆ యేడే దివంగతులు కాగా, సంకీర్తనల సంపుటములను పరిష్కరించు పనియు ఆయనపై పడెను. సాహిత్యము తెలిసిన గాయకులు, సంగీతము తెలిసిన పండితులు అరుదు. శర్మగారు రెండును తెలిసినవారు. మొదట పాటలోని భావమును గ్రహించి, దానికి తగిన బాణీని కూర్చిరి. అవి స్వరసహితముగా దేవస్థానముచే ప్రకటింపబడెను. ఆయన వేసిన బాటలో నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలగువారు మఱి యెన్నో పాటలకు ప్రాణము పోసిరి.

1974లో మద్రాసు సంగీత అకాడమీ శర్మగారిని సంగీత కళానిధి బిరుదముతో సత్కరించెను. 1979వ సంవత్సరము మార్చి 11వ తేదీన ఆయన కీర్తిశేషులైరి.

నేడు అన్నమయ్య పాట వినువారిలో పలువురు ఆ బాణీలన్నియు అన్నమయ్య నాటివే యని తలతురు. ఆ పాటలలో శర్మగారి పేరు ఎచ్చటను వినిపింపదు. పరుల సొత్తును శుభ్రపఱచి, తన పేరు వ్రాసికొనక లోకమున కప్పగించుట ఉత్తముల లక్షణము. ఐదు శతాబ్దముల యెడము గల యిద్దరు మహనీయులు కలిసి పాడిన పాట అది. వారిలో ఒకరి నెఱిగిన మనము రెండవవారిని మఱవరాదు.