వనారస గోవిందరావు

వనారస గోవిందరావు తెలుగు రంగస్థల ప్రముఖుడు, సురభి నాటక సమాజ స్థాపకుడు. తోలుబొమ్మలాట జీవనాధారంగా గల సంచార కుటుంబంలో పుట్టి, ఆ కుటుంబాన్నే నాటక సమాజంగా మలచాడు.

నేపథ్యం

వనారస వంశీయులు మహారాష్ట్ర ప్రాంతం నుండి రాయలసీమకు వలస వచ్చినవారు. రామాయణ, భారత కథలను తోలుబొమ్మలతో ఆడిస్తూ ఊరూరా తిరిగేవారు. తెల్లని తెర వెనుక దీపాలు వెలిగించి, రంగులద్దిన తోలుబొమ్మలను వెదురు బద్దలతో ఆడించేవారు. ఆటలో కుటుంబమంతా పాల్గొనేది. స్త్రీ పాత్రల మాటలు, పాటలు సాధారణంగా స్త్రీలే పలికేవారు. ఇదే కాలంలో, విక్టోరియా రాణి పాలనలోని ఇంగ్లండులో కూడా తీగబొమ్మల కుటుంబాలు ఇలాగే సంతల వెంట సంచరిస్తూ జీవించేవి.

సురభి ఆవిర్భావం

1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన నాటకాన్ని ప్రదర్శింపజేశాడు. తెలుగునాట ఆధునిక నాటకం అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్నది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబీకులు బొమ్మలను పక్కన పెట్టి, తామే వేషాలు ధరించి కీచకవధ నాటకం ఆడారు. సమాజానికి ఆ గ్రామం పేరే స్థిరపడింది. తరతరాల జీవనాధారాన్ని వదలి కొత్త కళను నమ్ముకోవడం ఆ కుటుంబానికి పెద్ద సాహసమే.

స్త్రీల నటన

ఆ రోజులలో నాటక సమాజాలలో స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. నాటకాలాడే స్త్రీలను సంఘం చిన్నచూపు చూసేది. సురభిలో మాత్రం ఇంటి ఆడవారే ఆ పాత్రలు ధరించారు. బొమ్మలాటలో తెర వెనుక గొంతు ఇచ్చిన స్త్రీలకు తెర ముందుకు రావడం కొంత సులభమై ఉండవచ్చు. భర్త, అన్నదమ్ములు అదే రంగస్థలం మీద ఉండడం వారికి రక్షణగా నిలిచింది.

ప్రదర్శన విధానం

సురభి వారు తెరలు, దుస్తులు, వాద్యాలు, వంటపాత్రలతో సహా బండ్లపై ప్రయాణించేవారు. ఊరిలో తాత్కాలిక నాటకశాల వేసి, ఆదరణ ఉన్నంతకాలం నిలిచేవారు. పిల్లలు బాల పాత్రలతో మొదలుపెట్టి, వయసుతో పాటు పెద్ద పాత్రలకు ఎదిగేవారు. మాయాబజార్ వంటి నాటకాలలో తాళ్ళు, తీగలు, దీపాల సాయంతో చూపిన మాయాదృశ్యాలు వీరి ప్రత్యేకత.

వారసత్వం

సంతానం పెరిగి పెళ్ళిళ్ళు జరిగిన కొద్దీ సురభి అనేక శాఖలుగా విస్తరించింది. ఒక దశలో ముప్ఫైకి పైగా సమాజాలు ఉండేవి. 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాలకు చెందినదే. అయితే ఆ టాకీలే క్రమంగా ప్రేక్షకులను తమవైపు తిప్పుకోవడంతో చాలా సమాజాలు మూతపడ్డాయి. 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వంటి కొన్ని మాత్రం నిలిచాయి. దానిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావు (సురభి బాబ్జీ)కు 2013లో పద్మశ్రీ పురస్కారం లభించింది. నటులను జీతానికి పెట్టుకున్న సమాజాలెన్నో చెదిరిపోగా, కుటుంబమే సమాజమైన సురభి తరతరాలుగా కొనసాగింది. గోవిందరావు వేసిన పునాది బలం అదే.