గాయకులకు రావలసిన భాగము: సెబాస్టియన్ బాఖ్ జీవితము

పఠన భాగము: నెహెమ్యా 13:10-13

నెహెమ్యా కొంతకాలము రాజునొద్ద ఉండి యెరూషలేమునకు తిరిగి వచ్చునప్పటికి దేవుని మందిరములో పాడవలసినవారు తమ స్థలములలో లేరు. వారు పొలములకు పోయిరి. విశ్వాసము చల్లారి పోయినవారు కారు. వారికి ఏర్పడిన భాగమును ఎవరును ఇయ్యలేదు. ఇంట పిల్లలకు గంజి కావలెను. కాబట్టి నాగలి పట్టిరి. నెహెమ్యా గాయకులను గద్దింపలేదు, అధికారులను గద్దించెను. గాయకులను మరల సమకూర్చి వారి స్థలములలో ఉంచెను. అప్పుడు యూదావారు ధాన్యమును, ద్రాక్షారసమును, నూనెను గిడ్డంగులకు తెచ్చిరి.

పాటకు ఖర్చేమి, నోరు దేవుడిచ్చినదే గదా అని మన పల్లెలలో కొందరు పెద్దలు అనుట కలదు. నోరు దేవుడిచ్చినదే. ఆ నోటికి అన్నము పెట్టవలసినవారెవరు అన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న బాల్యము మొదలు చివరివరకు వెంటాడిన ఒక దైవభక్తుని గూర్చి ఈ మాసము వ్రాయుచున్నాను. ఆయన జర్మనీ దేశపు లూథరన్ సంఘమునకు చెందిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఆయన రచనల పట్టికలో వెయ్యికి పైగా సంఖ్యలున్నవి. లోకములోని సంగీత విద్వాంసులు ఆయనను నేటికిని గురువుగా ఎంచుదురు.

బాఖ్ 1685 మార్చి 21న ఐసెనాఖ్ అను చిన్న పట్టణములో పుట్టెను. తండ్రి ఆ పట్టణపు వాద్యగాడు. ఎనిమిది మంది సంతానములో ఇతడు కడపటివాడు. ఇతడు చదివిన బడి సుమారు 200 ఏండ్లకు ముందు మార్టిన్ లూథర్ చదివిన బడియే. లూథర్ కూడ ఆ ఊరి వీధులలో ఇండ్ల ముందర నిలిచి పాడి రొట్టె సంపాదించుకొన్న విద్యార్థి. ఆ దేశములో బీద బాలుడు గొంతు బాగుండిన యెడల ఆ గొంతుతోనే తన చదువును కొనుక్కొనవచ్చును. సంఘములును పట్టణములును అందుకు ఏర్పాట్లు చేసియుండెను. ఈనాడు మనము సంగీతము నేర్చువారికి స్కాలర్‌షిప్ అనుచున్నది ఆ ఏర్పాట్ల వంటిదే.

1694లో తల్లి చనిపోయెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో తండ్రియు చనిపోయెను. బాలునికి పది సంవత్సరములైనను నిండలేదు. ఓర్డ్రూఫ్ అను ఊరిలో ఆలయపు ఆర్గన్ వాయించుచుండిన పెద్దన్న అతనిని చేర్చుకొని సంగీతము నేర్పెను. అన్న యొద్ద మంచి స్వరరచనలున్న పుస్తకమొకటి జాలి తలుపుల బీరువాలో ఉండెను. చిన్నవాడు అడిగినను ఇయ్యలేదు. అతడు రాత్రివేళ జాలి సందులలో నుండి చెయ్యి దూర్చి ఆ పుస్తకమును చుట్టచుట్టి లాగి, వెన్నెలలో కూర్చుండి ఆరు నెలలలో అంతయు వ్రాసుకొనెనట. అన్న దానిని కనిపెట్టి వ్రాతప్రతిని లాగుకొనెను. ఈ సంగతిని బాఖ్ కుమారుడు తండ్రి మరణానంతరము ప్రకటించిన వృత్తాంతములో చెప్పెను. అన్న కఠినుడని కొందరు నిందింతురు గాని, తల్లిదండ్రులు లేని తమ్మునికి ఐదేండ్లు అన్నము పెట్టినవాడు అతడే.

మన దేశములో వారములు చేసికొని, అనగా రోజుకొక ఇంట భోజనము చేసి, చదువుకొన్నవారిని పెద్దలు ఎరుగుదురు. ఓర్డ్రూఫ్‌లోను అట్టి ఆచారము ఉండెను. కలిగినవారు బీద విద్యార్థికి భోజనము పెట్టి, తమ చిన్నపిల్లలకు అతనిచేత చదువు చెప్పించుకొనెడివారు. సెబాస్టియన్‌కు ఈ ఆధారము తప్పిపోయెను. అన్న ఇంట పిల్లలు పెరుగుచుండిరి. ఉచిత భోజనము లేక ఈ విద్యార్థి వెళ్లిపోయెనని 1700 మార్చిలో బడి రిజిస్టరులో వ్రాసిరి. అతని చదువు అంతటితో ముగిసిపోవలసినదే.

అట్లు ముగియకుండుటకు కారణము ఆ బడిలోని సంగీతపు పంతులు. ఆయన పేరు ఎలియాస్ హెర్డా. ఆయన తన చిన్నతనములో ఉత్తరదిక్కున లూనెబర్గ్ పట్టణమందలి పరిశుద్ధ మిఖాయేలు ఆలయపు బడిలో పాట పాడి భోజనము పొంది చదివినవాడు. తాను నడిచిన దారిని ఈ బీదవానికి ఆయన చూపెనని చరిత్రకారుల అభిప్రాయము. పదిహేనేండ్లు నిండవచ్చిన సెబాస్టియన్‌ను, అతనికంటె కొంచెము పెద్దవాడైన గియోర్గ్ ఎర్డ్‌మన్ అను స్నేహితుడును దాదాపు 200 మైళ్ల దూరము ప్రయాణమైరి. బండి కూలికి సొమ్ములేని పిల్లలు. చాలవరకు నడిచియే పోయియుందురు.

లూనెబర్గ్ చుట్టును విశాలమైన బీడుభూములున్నవి. 19వ శతాబ్దములో మన సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతములకు సువార్త తెచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషనెరీలను పంపిన గ్రామము ఆ బీడుభూములలోనిదే. మన సంఘములలో కొన్నింటికి అది పుట్టింటి నేల వంటిది.

ఆ ఆలయములో ఉదయకాల ఆరాధనకు ఒక చిన్న గాయకబృందము ఉండెను. అందులో చేరుటకు నియమములు రెండు: బీదవాడై యుండవలెను, మంచి స్వరము కలవాడై యుండవలెను. చేరినవారికి చదువు, గది, భోజనము ఉచితము. నెలకు కొంత రొక్కము కూడ ఇచ్చెడివారు. సెబాస్టియన్ పేరిట నెలకు 12 గ్రోషెన్‌లు, అనగా అర థాలరు, లెక్కలో వ్రాయబడియున్నది. పెండ్లిండ్లలోను సమాధి ఆరాధనలలోను పాడినందుకు వచ్చినదానిలో వంతు ఉండెను. మన మిషను బోర్డింగులలో చదివినవారికి ఈ జీవితము వివరింపనక్కరలేదు. గంట కొట్టగా లేచుట, ప్రార్థన, వరుసగా కూర్చుండి భోజనము, మరల పాట. ఆ బడి పుస్తకశాలలో వెయ్యికి మించిన సంగీత రచనలుండెను. వెన్నెలలో దొంగచాటుగా వ్రాసుకొనిన పిల్లవానికి అది ఎట్టి భాగ్యమో ఊహించుకొనుడి.

అయితే కొద్దికాలమునకే ఒక విపత్తు వచ్చెను. ఒకనాడు పాడుచుండగా అతని సన్నని స్వరముతో పాటు క్రింది స్వరము కూడ తనంతట తానే వినబడెను. ఎనిమిది దినములు మాటలాడినను పాడినను రెండు స్వరములు వచ్చినవట. తరువాత ఆ చక్కని బాలస్వరము శాశ్వతముగా పోయెను. ఏ స్వరమును చూచి అన్నము పెట్టిరో ఆ స్వరమే లేదు. అయినను బాలుడు వీధిపాలు కాలేదు. వాద్యములు వాయించుచు ఇతర పనులు చేయుచు ఉండెనని తలంచుచున్నారు. ఏలయనగా 1702 వరకు అతని చదువు అక్కడనే సాగెను. ఆ ఆలయమువారు చేసిన ఉపకారములలో ఇది గొప్పదని నా అభిప్రాయము. పాడు బాలునికి పెట్టుట సులభము. గొంతు పోయినవానిని ఉంచుకొనుటకు హృదయము కావలెను.

ఆ దినములలో హాంబర్గ్‌లోని గొప్ప ఆర్గన్ విద్వాంసుని వినుటకు అతడు 30 మైళ్లు పోయి వచ్చుచుండెడివాడు. ఒకమారు తిరుగు దారిలో చేతిలో డబ్బులేక ఆకలితో ఒక సత్రము ముందర కూర్చుండగా, కిటికీలోనుండి ఎవరో రెండు చేపతలలను బయట పారవేసిరి. విప్పి చూడగా ఒక్కొక్క దానిలో ఒక్కొక్క బంగారు నాణెము ఉండెనట! ఇది బాఖ్ తానే చెప్పుచుండెడివాడని తరువాతి కాలమువారు వ్రాసిన కథ. మత్తయి 17వ అధ్యాయము చదివినవారికి ఇది వింతగా తోచదు. ఆ డబ్బుతో అతడు భోజనము చేసి ఇంటికి పోలేదు. మరల హాంబర్గ్‌కు తిరిగెను.

18 ఏండ్ల వయస్సున, 1703లో, ఆర్న్‌ష్టాట్ ఆలయపు ఆర్గన్ ఉద్యోగము దొరకెను. తరువాత మ్యూల్‌హౌజెన్, వైమార్, కోతెన్ పట్టణములలో పని చేసెను. స్వభావమున శాంతుడు కాడు. వైమార్ ప్రభువును పని విడిపింపుమని పట్టుపట్టి 1717లో దాదాపు ఒక నెల చెరసాలలో ఉండెను. 1720లో మొదటి భార్య మరణించెను. మరుసటి ఏడు అన్నా మగ్దలేనా అను గాయకురాలిని వివాహమాడెను. ఇద్దరు భార్యలవలన కలిగిన 20 మంది పిల్లలలో సగము మంది చిన్నతనముననే చనిపోయిరి.

1723లో ఆయన లైప్‌జిగ్ పట్టణమందు పరిశుద్ధ తోమా ఆలయపు బడికి కాంటర్, అనగా సంగీతోపాధ్యాయుడు, ఆయెను. అదియు బోర్డింగు బడియే. 1212లో స్థాపింపబడినది. సుమారు 55 మంది బాలురు అక్కడ ఉచితముగా ఉండి చదివి, నాలుగు ఆలయములలో పాడుచుండిరి. ఒకప్పుడు పాట పాడి అన్నము తినినవాడు ఇప్పుడు అట్టి పిల్లలకు తండ్రివంటివాడాయెను. ఆ కట్టడములోనే కాపురము. నాలుగు వారములకు ఒక వారము పిల్లల నిద్ర, ప్రార్థన, భోజనము చూచుట ఆయన విధి. 1724లో యోహాను సువార్త ప్రకారమైన శ్రమచరిత్రను, తరువాత మత్తయి ప్రకారమైన శ్రమచరిత్రను ఈ పిల్లల నోటనే శుభ శుక్రవారమున పాడించెను. వాద్యములు వాయించుటకును బలమైన క్రిందిస్వరము పాడుటకును విశ్వవిద్యాలయపు విద్యార్థులు వచ్చెడివారు. పూర్వము పట్టణసభవారు వారికి చిన్న చిన్న వేతనములు ఇచ్చెడివారు.

ఆ వేతనములను సభవారు తగ్గించి తగ్గించి చివరకు నిలిపివేసిరి. విద్యార్థులు రాకపోయిరి. బోర్డింగులో ఖాళీలు వచ్చినప్పుడు బాఖ్ పిల్లలను పాడించి, పనికివచ్చువారెవరో కానివారెవరో వ్రాసి ఇచ్చెడివాడు. అయినను 1729లో ఆయన కాదన్నవారిలో కొందరిని సభవారు చేర్చుకొనిరి. సిఫారసుల బలము ఆ దేశములోను ఉండెను కాబోలు.

1730 ఆగస్టు 23న ఆయన సభవారికి ఒక విన్నపము వ్రాసెను. ఒక్కొక్క బృందములో కనీసము 12 మంది గాయకులుండవలెనని, ఒకరు జబ్బుపడినను పాట సాగవలెనని లెక్క చూపెను. ఉన్న పిల్లలను విభజించి చెప్పెను: పనికివచ్చువారు 17, ఇంకను నేర్వవలసినవారు 20, ఎన్నటికిని పనికిరానివారు 17. జీతమెరుగక పని చేయుమన్న యెడల ఎవరు చేయుదురని అడిగెను. డ్రెస్డెన్‌లో రాజు వాద్యగాండ్రకు తగిన జీతములిచ్చును గనుక వారు పొట్ట చింత లేక ఒక్కొక్కరు ఒక్కొక్క వాద్యములో ప్రవీణులగుచున్నారని చూపించెను. నెహెమ్యా గ్రంథములోని సంగతియే ఇది. సభవారు దానిని మన్నించినట్లు కనబడదు. అదే నెలలో వారు కూర్చుండి, ఈ కాంటర్ పని చేయడు, చెప్పినను మారడని మాటలాడుకొనిరి.

అక్టోబరులో ఆయన ఒక ఉత్తరము వ్రాసెను. ఎవరికనగా, 30 ఏండ్ల క్రిందట లూనెబర్గ్‌కు తనతో నడిచిన ఎర్డ్‌మన్‌కు. ఎర్డ్‌మన్ అప్పుడు రష్యా ప్రభుత్వపు ప్రతినిధిగా డాన్‌జిగ్ పట్టణములో ఉండెను. వేరొక చోట పని దొరకునా అని బాఖ్ అడిగెను. ఖర్చులు హెచ్చు, అధికారులకు సంగీతముపై శ్రద్ధ తక్కువ అని వాపోయెను. గాలి మంచిదై జనులు చావకపోయిన యెడల సమాధి పాటల రాబడి పడిపోవునని, గడచిన ఏడు అట్లే నష్టపోతినని కూడ వ్రాసెను! నవ్వు వచ్చును గాని, మరణములమీద ఆధారపడి బ్రతుకుమని సంఘ సంగీతకారుని విడిచిపెట్టినవారిని చూచి సిగ్గును కలుగును. ఆ ఉత్తరమువలన మేలేమియు కలుగలేదు. ఆయన చనిపోవువరకు లైప్‌జిగ్‌లోనే ఉండెను. క్రొత్త ప్రధానోపాధ్యాయుడు ఆయనకు స్నేహితుడగుట, ఇరుకైన బడి కట్టడమును 1731-32లో పెంచుట కొంత ఊరట.

అట్టి కాలములో ఆయనకు బలము ఎక్కడనుండి వచ్చెను? ఆయన వాడిన వ్యాఖ్యాన సహితమైన బైబిలు మూడు సంపుటములు 1934లో అమెరికాలో ఒక రైతు ఇంట బయటపడెను. 1733 అను సంవత్సరముతో ఆయన సంతకము వాటిలో ఉన్నది. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయమునొద్ద, అనగా దావీదు 288 మంది నేర్పరులైన గాయకులను వంతుల చొప్పున ఏర్పరచిన చోట, దేవునికి ప్రీతియైన ఆలయ సంగీతమంతటికి నిజమైన పునాది ఇదే అను భావమును ఆయన ప్రక్కన వ్రాసుకొనెను. పట్టణసభ ఏమి తలంచినను, తన ఉద్యోగము దావీదు నాటినుండి వచ్చినదని ఆయన ఎరుగును.

చివరి దినములలో కన్నులు కనబడలేదు. 1750లో రెండుమారులు శస్త్రచికిత్స చేసిరి. ఆరోగ్యము పూర్తిగా చెడెను. జూలై 28న ప్రభువునందు నిద్రించెను. ఒకప్పుడు రాజాస్థానములో జీతము తీసికొని పాడిన భార్య, పట్టణపు ధర్మముపై బ్రతుకుచు 1760లో చనిపోయెను.

ఆ తరువాత జనులు ఆయన పాటలను చాలవరకు మరచిపోయిరి. బోర్డింగు పిల్లలు మాత్రము కొన్నింటిని మరువలేదు. వారికి నేర్పుచుండిన కాంటర్ దోలెస్, బాఖ్ శిష్యుడు. 1789లో మొజార్ట్ అను ఆస్ట్రియా దేశపు గొప్ప విద్వాంసుడు లైప్‌జిగ్‌కు వచ్చినప్పుడు, 149వ కీర్తన ఆరంభపు మాటలతో బాఖ్ రచించిన ఎనిమిది స్వరముల పాటను ఆ పిల్లలు పాడిరి. కొద్ది వరుసలు వినగానే ఆయన ఉలికిపడి, ఇది ఎవరిదని అడిగెను. ఇటువంటివి మరికొన్ని ఆ బడిలో భద్రముగా ఉన్నవని చెప్పిరి. అన్ని స్వరములు ఒకచోట వ్రాసిన పుస్తకము లేదు. పిల్లలు చేత పట్టుకొని పాడుటకు వేరువేరుగా వ్రాసిన కాగితములే ఉండెను. మొజార్ట్ వాటిని తెప్పించి, చేతులలోను మోకాళ్లమీదను ప్రక్క కుర్చీలమీదను పరచుకొని కూర్చుండెను. అన్నియు చదువువరకు లేవలేదు. లేచిన తరువాత, తనకొక ప్రతి వ్రాయించి ఇయ్యుమని బతిమాలెను.